నాయన కాలికి అందని బండి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా నాయన పాత పికప్ బండి ఇంటి ముందర కదలకుండా నిలబడిపోయింది. ఇంజను చచ్చింది, అడుగున చాసీని తుప్పు తినేసింది. ఉరవకొండకు వేరుశనక్కాయల మూటలు మోసి అలిసిన బండి. పాత సామాన్ల వాళ్ళు వచ్చి బేరమాడితే నాయన, "బాడీ బాగనే ఉండాదప్పా. కాళ్ళే పోయినాయి, నా మాదిరే" అనేవాడు.

ఆయన ఎడమ మోకాలు సగమే వంగేది. కూర్చున్నాక క్లచ్ తొక్కడానికి పనికొచ్చేది కానీ, పైకెక్కడానికి మొండికేసేది. బండి ఆగినప్పటి నుంచి ఆయన కూడా ఇల్లు కదలడం మానేశాడు. రోజూ దాని ఎదురుగా మంచం వేసుకుని, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవాళ్ళు.

చూడలేక నేను ఇంజనుతో సహా ఒక కొత్త రకం పికప్ చాసీ కొనుక్కొచ్చాను. దాని మీద పాత బాడీ కూర్చోబెట్టడానికి వెల్డింగ్ భాయ్ ఒప్పుకున్నాడు. కొలతల బాధ్యత నాది. నేను చదువుకునే రోజుల్లో లెక్కల్లో తప్పినా, లెక్కలేనితనంలో ఏటా ఫస్టు క్లాసే. అయినా పొడవు, వెడల్పు, బోల్టుల మధ్య దూరం అన్నీ టేపు పెట్టి రాసిచ్చాను. నెల రోజుల్లో బండి సిద్ధమైంది. టెంకాయ కొట్టాం, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. నాయన కొత్త పంచె కట్టుకుని వచ్చి, తలుపు తీసి, కాలెత్తాడు.

అందలేదు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అందలేదు. నేను అన్నీ కొలిచాను, నాయన కాలు తప్ప.

ఎవరో పీట తెచ్చారు. "పీటెక్కేదానికి నేనేమన్నా పెండ్లికొడుకునా?" అని దాన్ని పక్కకు తోశాడు. నవ్వాడు గానీ, తలుపు మీది చెయ్యి తియ్యలేదు.

"కొత్త చాసీనే ఎత్తు, పైగా ఉత్త బండి కదా పెద్దాయనా, అందుకే పైకి లేసింది. చక్రాల మీద బరువు మోసే కమాను కట్టల్లో రెండు పట్టీలు తీసేస్తే దిగుతాది" అన్నాడు భాయ్.

"తీసేస్తే, రేపు పంట పండినప్పుడు మూటలెట్ల మోస్తాదప్పా?"

రెండేళ్ళుగా వాన లేదు. ఇంట్లో విత్తనానికి కూడా కాయ లేదు. ఆయన మాత్రం పండబోయే మూటల కోసం పట్టీలు ముట్టుకోనివ్వలేదు. చివరికి భాయే, "బరువు పడితే సాలు గదన్నా" అని నా వైపు చూశాడు.

మా చేనిలో ఏ ఏడూ తప్పకుండా పండేవి రాళ్ళే. బండిని చేనికి తోలుకుపోయి నేను, భాయ్, పక్కింటివాళ్ళు మధ్యాహ్నం దాకా గట్టు మీది రాళ్ళు ఎత్తి బండి వెనక డెక్కులో వేశాం. బండి బెత్తెడు దిగింది. ఇంటి ముందుకు తెచ్చి ఆపితే నాయన కాలెత్తాడు. ఈసారి పాదం లోపల పడింది.

నాయన నేరుగా ఉరవకొండకే తోలాడు. బజారులో ఒకాయన బండిలోకి తొంగిచూసి, "ఏమన్నా, ఈ తూరి రాళ్ళు తెస్తివి?" అన్నాడు.

"ఇంగేమప్పా, ఇవే బాగ పండినాయి. నీకో బస్తా కావాల్నా?" అంటూ నాయన హారన్ కొట్టాడు.

ఇంటికొచ్చాక నేను రాళ్ళు దించుదామని డెక్కు వెనక తలుపు, డాల, విప్పబోయాను.

"ఉండనీరా" అన్నాడు నాయన, ఇంకా స్టీరింగ్ వదలకుండానే. "పొద్దున మళ్ళా ఎక్కాల గదా."