సుఘ్రా చేతి చిక్సా

శంషాబాద్ పాత ఊళ్లో ముస్లింల ఇంట పెళ్లి కుదిరితే చిక్సా సుఘ్రా ఇంటి నుంచే వెళ్లేది. పెళ్లికి ముందు మాంజా రోజున పెళ్లికూతురికి రాసే నలుగుపిండి అది. పసుపు, గంధం, కచ్చూరాలు, శనగపిండి, ఎండిన సంత్ర తొక్కలు, అంటే కమలాపండు తొక్కలు. అందరికీ తెలిసిన సరుకే. ఏది ఎంత వేయాలో మాత్రం సుఘ్రా ముక్కుకే తెలుసు.

తొక్కలు జంగమ్మ ఇచ్చేది. విమానాశ్రయం మొదలైన ఏడాది ఆమె రోడ్డు పక్కన పండ్లరసం బండి పెట్టుకుంది. తొక్కలన్నీ గంపతో మోరీలో పోసేది. అటు పోతూ సుఘ్రా చూసింది. పారేయొద్దు, నాకియ్యమంది. రసం అడగకుండా తొక్కలడిగిన మనిషిని మొదటిసారి చూస్తున్నానని జంగమ్మ నవ్వింది. ఆనాటి నుంచి సుఘ్రాను ఆపా అని, అక్క వరసతో పిలిచేది.

నిమ్మ తొక్కలతో సుఘ్రా బోరునీళ్ల మరకలు పట్టిన చెంబులు తోమేది. ఎండిన బత్తాయి తొక్కలు బియ్యం డబ్బాలో వేసేది. పురుగు తక్కువ పట్టేది. భర్త ఇస్హాక్ దగ్గుతుంటే చాయ్‌లో సంత్ర తొక్క ముక్క వేసి ఇచ్చేది. దగ్గు తగ్గేదో లేదో గాని, ఆటో తోలి వచ్చిన ఆ మనిషి గొంతుకు హాయిగా ఉందని మరో కప్పు అడిగేవాడు. చూసి చూసి జంగమ్మ కూడా తన ఇంటి మీద తొక్కలు ఎండబెట్టడం మొదలుపెట్టింది.

2011 చలికాలంలో సుఘ్రాకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది. దానితో పోయిన వాసన తిరిగి రాలేదు. పొయ్యి ముందే కూర్చుని ఉంది, పాలు మాడిపోతున్నాయని ఇస్హాక్ వాకిట్లోంచి వచ్చి చెప్పాడు. దవాఖానలో డాక్టరు కొందరికి మెల్లగా వస్తుందన్నాడు. సంగతి భార్యాభర్తల మధ్యే ఉండిపోయింది.

మరుసటి చలికాలం పక్కింటి తస్నీమ్‌కు పెళ్లి కుదిరింది. ఆ పిల్ల పుట్టినప్పుడు స్నానం పోసింది సుఘ్రానే. చిక్సా ఎప్పటికి కావాలో తల్లి వచ్చి చెప్పి వెళ్లింది. చేస్తావా అని అడగలేదు. సుఘ్రా కాదనలేకపోయింది. కాదంటే ఎందుకంటారు. చెబితే, ఇక చిక్సా కోసం ఆమె గడపకు ఎవరూ రారు.

ఆ వారమంతా మబ్బు. తొక్క ఎండిందీ లేనిదీ మునుపు వాసన చూసి చెప్పేది. ఇప్పుడు పైనున్న తొక్కలు విరిచి చూసింది. పటుక్కున విరిగాయి. అడుగువి చూడలేదు. అన్నిటినీ డబ్బాలో పోసి మూత బిగించింది. మాంజా ముందు రోజు తీసి దంచింది, జల్లించింది, చేతి అందాజుతో కలిపింది. రంగు చక్కగా వచ్చింది.

పెళ్లింటికి పండ్లు ఇవ్వడానికి వచ్చిన జంగమ్మ సుఘ్రా ఇంట్లోకి తొంగిచూసింది. చిటికెడు పిండి ముక్కు దగ్గర పెట్టుకుని మొఖం తిప్పుకుంది.

"బూజు వాసన కొడుతున్నది. ముక్కు గిట్ల కుదువ పెట్టినవా ఏంది ఆపా?"

సుఘ్రా నవ్వలేదు.

"వాసన వస్తలేదు జంగమ్మా. పోయిన చలికాలం జ్వరమొచ్చిన కాడి నుంచి."

జంగమ్మ చేతిలోని పిండిని చీర కొంగుకు తుడుచుకుంది.

"నాకన్న చెప్పకపోతివి," అంది. "పొల్ల మొఖానికి బూజు పూద్దువు."

సుఘ్రా లేచి పిండి మొత్తం పెంటకుప్పలో పోసి వచ్చింది. జంగమ్మ ఇంటికి పోయి తన బియ్యం డబ్బాలో వేసుకోవడానికి దాచిన సంత్ర తొక్కలు తెచ్చింది. అడుగు దాకా ఎండినవి. సుఘ్రా దంచింది. జంగమ్మ జల్లించింది. పసుపు, గంధం, మిగతావి కలిపి సుఘ్రా చిటికెడు పిండి జంగమ్మ ముక్కు దగ్గర పెట్టింది.

"ఏ వాసన ముందు వస్తున్నది?"

"గంధం."

సుఘ్రా గుప్పెడు తొక్కల పొడి కలిపింది. "ఇప్పుడు?"

"రెండూ ఒక్కతీరుగున్నయి."

"గట్ల ఉండొద్దు. సంత్ర ముందు రావాలె." ఇంకొంచెం వేసింది.

"ఇగ సంత్రనే," అంది జంగమ్మ.

పిండి గిన్నె పట్టుకుని ఇద్దరూ పక్కింటికి వెళ్లారు. గిన్నె ఇవ్వకముందే సుఘ్రా అంతా చెప్పింది. తన ముక్కు సంగతి, పారబోసిన పిండి సంగతి. దీనికి వాసన చూసింది జంగమ్మ అని కూడా చెప్పింది. తస్నీమ్ తల్లి ఇద్దరి మొఖాలూ చూసింది. చిటికెడు తీసుకుని వాసన చూసింది. గిన్నెను లోపలికి తీసుకెళ్లి, రేపటి పళ్లెంలో పసుపు బట్టల పక్కన పెట్టింది. బయటికి వచ్చి, మాంజాకు నువ్వు కూడా రావాలని జంగమ్మతో అంది.

మరునాడు అందరూ రాశాక తస్నీమ్ తన చెంప మీది చిక్సా కొంచెం తీసి సుఘ్రా చెంపకు పూసింది. చల్లగా, తడిగా తగిలింది. పిల్ల తన వేళ్లు వాసన చూసుకుని నవ్వింది. సుఘ్రా పక్కనున్న జంగమ్మ వైపు వంగింది.

"ఏది ముందు వస్తున్నది?"

"సంత్ర, ఆపా."

సుఘ్రా చెంప తుడుచుకోలేదు.