పెట్టెకు జిమ్మేదారు

మా కాలంలో గద్వాల నుంచి నాగర్‌కర్నూలుకు పోవాలంటే ప్రయాణం ఒక్కటే గానీ బండ్లు మూడు. గద్వాలలో రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగాలి. అక్కడ మోటారు బస్సు పట్టుకుని వనపర్తి ఊళ్ళోకి రావాలి. మళ్ళీ ఇంకో బస్సెక్కాలి. ఆ రెండు బస్సుల యజమానులూ వేరు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఇప్పటివాళ్ళు నవ్వుతారేమో గానీ, అప్పుడు మనిషి ఊరు చేరడం ఒక ఎత్తు, అతని పెట్టె చేరడం ఇంకో ఎత్తు.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నాగర్‌కర్నూలు తాలూకా కచేరీలో గుమాస్తా పని దొరికింది. సోమవారం పది గంటలకు హాజరు కాకపోతే నా వెనక పేరున్నవాడిని తీసుకుంటామని హుకుంలోనే రాశారు. హాజరు కావడమంటే ఊరికే పోయి నిలబడడం కాదు, షేర్వానీ తొడగాలి, రూమీ టోపీ పెట్టాలి. "అవి లేకుంటే చప్రాసీ గడప గూడ దాటనియ్యడు, యాదుంచుకో" అని మా నాయన పదిసార్లు చెప్పాడు. కొత్తగా కుట్టించిన షేర్వానీని రేకుపెట్టెలో మడత పెట్టి, మీద వేపాకు వేసింది అమ్మ. (కొత్త బట్టకు పురుగు ఎక్కణ్ణుంచి వస్తుందో అమ్మకే తెలియాలి.)

వనపర్తిలో దిగేసరికి బయల్దేరడానికి రెండు బస్సులు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. మా వైపు ఒక అలవాటు ఉంది. సీట్లో ఏ తువ్వాలో, సంచో పెడితే చాలు, ఆ సీటు మనదే, ఎవరూ ముట్టరు. నేను పెట్టెనే పెట్టి, దర్జాగా ఛాయ్ తాగి వచ్చాను. "నాగర్‌కర్నూల్, నాగర్‌కర్నూల్" అని కేక వినపడగానే పరుగెత్తి ఎక్కాను. సీట్లో పెట్టె లేదు. క్లీనరు పైన వేసి ఉంటాడనుకుని హాయిగా నిద్రపోయాను.

సాయంత్రం నాగర్‌కర్నూలులో దిగి చూస్తే బస్సు మీద గడ్డిమోపులు, కోళ్ళ గంపలు ఉన్నాయి గానీ నా పెట్టె లేదు. డ్రైవరు తెల్లగడ్డం పెద్దమనిషి, అందరూ చాచా అనేవారు. ఆయన మీద పడ్డాను.

"టికెట్టు తీస్కున్నంక సామాను జిమ్మేదారీ మీది గాదా?"

"నా బండి ఎక్కని పెట్టెకు నేనెట్ల జిమ్మేదారును బిడ్డా? వనపర్తి దాకా తెచ్చినోళ్ళను అడుగు."

"వాళ్ళు మిమ్మల్నే అడుగుమంటరు."

"మరి రైలోళ్ళను గూడ అడుగు, వాళ్ళెందుకు మిగలాలె?"

చుట్టూ జనం చేరారు. నేను చదివిన నాలుగు ముక్కల కానూనూ అక్కడే ఖర్చు పెట్టేశాను. రెండు బస్సుల మీదా అర్జీ పెడతానన్నాను, లైసెన్సులు రద్దు చేయిస్తానన్నాను. చివరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగి, రేపటి హాజరు, షేర్వానీ సంగతి చెప్పేశాను. చాచా గడ్డం నిమురుకున్నాడు.

"పెట్టె జిమ్మేదారీ నాది గాదు. గని నా బండిల వచ్చినోని నౌకరి పోతే నాకు మంచిగనిపియ్యదు. పొద్దుగాల ఇంటికి రా."

పొద్దున పోతే, పండుగలకు తొడుక్కునే తన షేర్వానీ ఇచ్చాడు, టోపీ దులిపి ఇచ్చాడు. భుజాలు నావి సన్నం, పొట్ట ఆయనది పెద్దది. అద్దంలో చూసుకుంటే నేను కనపడలేదు, షేర్వానీ ఒక్కటే కనపడింది. అయినా చప్రాసీ సలాం కొట్టాడు, తహసీల్దారు సంతకం పెట్టాడు. నౌకరి నిలబడింది.

మూడో రోజు వనపర్తి నుంచి వచ్చిన చాచా బస్సులో నా పెట్టె దిగింది. నేను అప్పటికే మూడు పేజీల అర్జీ రాసి జేబులో పెట్టుకున్నాను.

"కొల్లాపూరు బండోళ్ళు ఇచ్చిండ్రు" అన్నాడు చాచా నెమ్మదిగా. "నువ్వు సీటు ఆపుకున్నది వాళ్ళ బండిలనంట. ఎవరో పెద్దమనిషి వస్తడని ఒక్కరు గూడ ముట్టలేదంట. నీ పెట్టె కొల్లాపూరు దాకా కూసోనే పొయ్యింది. ఒక ముసలామె నిలబడి పొయ్యిందంట."

మూడు రోజులు ఇద్దరు యజమానులనూ రైలునూ కలిపి తిట్టిన నోరు నాది. షేర్వానీ విప్పి, మడిచి ఆయన చేతిలో పెట్టాను. ఆయన పైనుంచి కింది దాకా చూసి, మూడో గుండీ దగ్గర వేలు ఆపాడు. అక్కడ దారం మాత్రమే ఉంది. తహసీల్దారుకు మరీ వంగి సలాం చేసినప్పుడు గుండీ బల్లకు తగులుకుని తెగి ఎక్కడో పడిపోయింది.

"దీనికి జిమ్మేదారు ఎవరు?" అన్నాడు నవ్వకుండా.

"నేనే చాచా" అన్నాను.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు అదే కొలువులో ఉండి, ఎన్నో తప్పులు చేశాను, ఎన్నో కాగితాలు పోగొట్టాను. "నేనే" అన్న ఆ మాట మళ్ళీ అంత తేలిగ్గా ఎన్నడూ నా నోట రాలేదు.