వేడినీళ్ళు వచ్చేదాకా

రైల్వే క్వార్టర్లో పుట్టి, రైల్వే క్వార్టర్లోనే రిటైరైన మనిషిని నేను. వర్క్‌షాపులో పనిచేస్తూ నాన్న పోతే ఆయన బదులు నాకు ఉద్యోగమిచ్చారు. బెంగాల్లో మా రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని ఆ ఇల్లు కూడా నా పేరు మీదికి మారింది. చెల్లిని, తమ్ముణ్ణి అక్కడే చదివించి, పెళ్ళిళ్ళు చేసి పంపాను. నేను చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఒక వయసు దాటాక అడగడం మానేశారు.

రిటైరయ్యాక క్వార్టరు అప్పగించాలి కదా. అదే ఊళ్ళో తాల్‌బగీచా అనే పేటలో ఎప్పుడో కొనిపెట్టుకున్న చిన్న స్థలంలో ఇల్లు మొదలుపెట్టాను. పునాది, గోడలు, శ్లాబు నా ప్రమేయం పెద్దగా లేకుండానే లేచాయి. కరెంటు, నీళ్ళ లైన్లు వేసే రోజులు వచ్చాక మాత్రం ప్రతిదీ నన్నే అడగడం మొదలుపెట్టారు. స్విచ్చి ఎక్కడ, కుళాయి ఎంత ఎత్తులో, ఫ్యాను ఏ గదిలో. క్వార్టర్లో అవన్నీ మేం రాకముందే ఎవరో పెట్టేసి ఉన్నారు. ఉన్నచోటుకి మనం సర్దుకోవడమే.

వైరింగు చేసిన బెంగాలీ దాదా, అంటే అన్న, మాటలు తక్కువ మనిషి. చాక్‌పీసుతో గోడల మీద గుర్తులు పెడుతూ నా పడకగదిలోకి వచ్చాడు.

"దీదీ, మంచం ఎటు వేస్తారు?" అని బెంగాలీలో అడిగాడు.

కిటికీ వైపు చూపించాను. మంచానికి అటొకటి ఇటొకటి చొప్పున స్విచ్చిబోర్డుల కోసం రెండు చతురస్రాలు గీశాడు.

"రెండెందుకు దాదా?"

"రెండు వైపులా ఉండాలి కదా. ఒకరు లేచి లైటు వేసుకోవాలంటే రెండోవాళ్ళని లేపక్కర్లేదు."

"ఒకటి చాలు," అన్నాను.

"ఠిక్ ఆఛే," అని తలూపి అరచేత్తో రెండో చతురస్రం తుడిచేశాడు. సరిగ్గా చెరగలేదు. తడిగుడ్డ తెచ్చి నేనే తుడిచాను.

పైపుల పని చేసింది మా ఓల్డ్ సెటిల్‌మెంట్ మనిషే. చర్చి పక్క లైనులో ఉంటాడు. చిన్నప్పటి నుంచీ అక్కా అనే పిలుస్తాడు. ఇంట్లో రెండు బాత్రూములు. ముందు వైపు నా గదికి ఆనుకుని ఒకటి, వెనక వైపు రెండో గదికి ఒకటి. గీజరు మాత్రం ఒకటే కొన్నాను. ఒంటిమనిషికి రెండు గీజర్లేమిటి?

"మరి ఏ బాత్రూంలో పెట్టమంటావక్కా? నాను గోడలో గాడి కోసీసి, పైపు పెట్టీసి, సిమెంటు పలాస్త్రీ అయిపోనాక మార్సమంటే నా వల్ల కాదు," అన్నాడతను.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు రూర్కెలాలో ఉంటాడు. "మేం చలికాలంలోనే వస్తాం అక్కా, ఎండాకాలం అక్కడ ఉండలేం. నీ మరదలికి కీళ్ళనొప్పులు కదా, తెల్లారితే వేడినీళ్ళు పడాలి," అన్నాడు. విశాఖపట్నంలో ఉన్న చెల్లి కూడా డిసెంబరులో పిల్లల్ని తీసుకొస్తానంది. వచ్చినప్పుడు అందరూ దిగేది వెనక గదిలోనే. అందుకని మర్నాడు గీజరు వెనక బాత్రూంలో పెట్టమన్నాను. అక్కణ్ణుంచి హాలు గోడ వెంబడి, వంటగది చుట్టూ తిప్పి నా బాత్రూందాకా లైను లాగమన్నాను.

"అంత దూరం లాగితే నీకు వేడి రావడానికి సాలాసేపు పడుద్ది. మద్దిలో ఉన్న సల్లనీళ్ళన్నీ పోవాల," అన్నాడు.

"పోనీలే. నాకేటి తొందర?"

గృహప్రవేశానికి అందరూ వచ్చారు. వెనక బాత్రూం ముందు పిల్లలు వరసలో నిలబడి తగవులాడుకున్నారు. తలుపు తీసినప్పుడల్లా ఆవిరి హాల్లోకి వచ్చేది. "గీజరు బాగుంది వదినా," అంది మరదలు. గోడ కోస్తున్నప్పుడు పీల్చిన దుమ్మంతా ఆ మాటతో మర్చిపోయాను. రెండు రోజులుండి రైలెక్కి వెళ్ళిపోయారు. దుప్పట్లు ఉతికి ఆరేసి, వెనక గది తలుపు దగ్గరగా వేశాను.

ఆ తర్వాత వచ్చిన చలికాలం ఎవరూ రాలేదు. తమ్ముడికి సెలవు దొరకలేదు. చెల్లి పిల్లలకి పరీక్షలు. తర్వాతి చలికాలం కూడా అలాంటివే ఏవో కారణాలు. అబద్ధాలు కావవి. నిజాలే.

నేను మాత్రం రోజూ పొద్దున్నే వెనక బాత్రూంకి వెళ్ళి గీజరు స్విచ్చి వేసి, మళ్ళీ ముందుకి వచ్చి, కుళాయి తిప్పి నిలబడేదాన్ని. మొదటి బకెట్టు నిండా చన్నీళ్ళే. వాటిని పక్కన పెట్టి రెండో బకెట్టు పెట్టేదాన్ని. నీళ్ళు గోరువెచ్చనయ్యేదాకా వేళ్ళు ధార కింద పెట్టి చూస్తూ ఉండేదాన్ని. చన్నీళ్ళు గిన్నెలు తోమడానికి, మొక్కలకి పోసేదాన్ని. క్వార్టర్లో అందరికీ బొగ్గుల పొయ్యి మీద నీళ్ళు కాచి ఇచ్చి, చివర మిగిలినవి పోసుకున్నదాన్ని కాబట్టి కష్టమనిపించలేదు. కానీ అప్పుడు నా ముందు మనుషులు ఉండేవాళ్ళు.

ఒకసారి వంటగది కుళాయి కారుతుంటే పైపుల పని చేసినతన్నే పిలిచాను. బాత్రూంలో నిండిన బకెట్టు చూసి, "ఇదేటక్కా, ఇంకా ఇలాగే ఉన్నావా? గీజరు ఇటు తెచ్చీమంటావా? టైల్సు నాలుగు పగుల్తాయి, అంతే కదా," అన్నాడు.

"వద్దు. వాళ్ళొస్తే?" అన్నాను. అతను కొత్త వాషరు వేసి వెళ్ళిపోయాడు.

ఆ జనవరిలో నాకు జ్వరం వచ్చింది. తగ్గుముఖం పట్టాక, ఒంటికి పట్టిన చెమట వాసన భరించలేక స్నానానికి లేచాను. గోడ పట్టుకుని వెనక్కి వెళ్ళి స్విచ్చి వేసి వచ్చాను. కుళాయి తిప్పి నిలబడ్డాను. రెండో బకెట్టుదాకా నిలబడలేకపోయాను. నేల మీద కూర్చుని ఆ చన్నీళ్ళే రెండు చెంబులు పోసుకుని, తుడుచుకుని మంచమెక్కాను. దుప్పటి కప్పుకుని పడుకుంటే, ఈ ఇంట్లో వెనక గదికి జరుగుతున్నంత మర్యాద నాకు జరగడం లేదనిపించింది. ఆ మర్యాద చేస్తున్నది కూడా నేనే.

ఒళ్ళు కుదుటపడ్డాక పైపులతన్ని పిలిచి గీజరు ఇటు మార్చమన్నాను. రోజంతా పనిచేశాడు. హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గోడ మీద దెబ్బలు పడుతుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టే ఉంది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. చారు బాగుందని రెండోసారి పోయించుకున్నాడు.

సాయంత్రం సామాను సర్దుకుంటూ, "ఎనకాతల లైనుకి మూత బిగించీసినాను. రేపెప్పుడైనా కావాలంటే కలపొచ్చు, బెంగెట్టుకోకు," అన్నాడు.

అతను వెళ్ళాక తమ్ముడికి ఫోన్ చేశాను. ఏమంటాడోనని ముందే మనసులో మాటలు సిద్ధం చేసుకున్నాను. మీరొస్తే పొయ్యి మీద కాచి ఇస్తానని చెప్పాలనుకున్నాను.

"మంచి పని చేశావక్కా. ఎప్పుడో చేయాల్సింది," అన్నాడు వాడు. వెంటనే వాళ్ళ అమ్మాయి కాలేజీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

అంత తేలిగ్గా అనేస్తాడనుకోలేదు. ఊఁ కొడుతూ విన్నాను.

మర్నాడు పొద్దున కుళాయి తిప్పగానే వేడినీళ్ళు పడ్డాయి. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. తలంటుకున్నాను, వీపు కాగేదాకా పోసుకున్నాను. అయినా స్నానం తొందరగానే అయిపోయింది. తల తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి కిటికీ బయట ఇంకా మంచు విడలేదు. టీకి నీళ్ళు పెట్టి, అవి కాగేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డాను.