చక్కెర లేని చాయ్

ఈ రోజు సాయంత్రం ఆరోగ్య బీమా ఏజెంట్ యాదగిరన్న ఉప్పుగూడలో మా ఇంటికి వచ్చాడు. మా ఆయనకు స్నేహితుడు. పోయిన నెల నా ఫారం తిప్పి పంపింది ఈయనే.

మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆ జబ్బు తెచ్చే జన్యువు నాలోనూ ఉందని రక్తపరీక్షలో తేలింది. నాకు జబ్బు మాత్రం లేదు. అయినా ఆయన రిపోర్టు చూసి, "ఇయ్యాల కాకుంటే రేపు వస్తది చెల్లె, కంపెనీ తీస్కోదు" అని మా అత్తమ్మ ముందే అనేశాడు. ఆ రోజు నుంచి అత్తమ్మ నా గ్లాసు వేరుగా పెడుతోంది. నలుగురిలో నోరు విప్పే అలవాటు లేక నేను ఊరుకున్నాను.

ఈ రోజు అత్తమ్మ ముందే ఆయనకు చాయ్ ఇచ్చాను. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"చక్కెర మర్చిపోయినవా చెల్లె?"

"మర్చిపోలేదన్నా. మీ బాపుకు షుగర్, మీ తాతకు గూడ షుగరేనని మీరే చెప్పిన్రు గదా. మీ రక్తంల ఉంటది."

"నాకింకా రాలేదు గదా?"

"నాకు గూడ రాలేదన్నా."

గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఆయన వెళ్లాక అత్తమ్మ నా గ్లాసు తీసి అందరి గ్లాసులతో కలిపి కడిగింది.

జన్యువు చూసి బీమా కాదనకుండా ఆపే గట్టి చట్టం మన దగ్గర ఇంకా లేదని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. ఆ చట్టం వచ్చేదాకా మా ఇంట్లో చాయ్ పెట్టేది నేనే.