మా ఇంటి రంగులు వేసుకున్న లారీ

పైపైన తుప్పు గీకి రంగేస్తే చాలన్నాడు మా నాన్న. పైపైన! ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గజపతినగరంలో మా ఇంటి పక్క జాగాలో ఆ లారీ నిలబడి ఉంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక నాన్న దాన్ని బయటికి తియ్యలేదు. ఇప్పుడు కాలు కుదుటపడింది, మళ్ళీ తోలుతానంటాడు. దానికి ముందు ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. క్యాబిన్ ఇలా ఉంటే ఇవ్వరు, బండి తుక్కుకు పోవలసిందే. అది పోతే ఈయన ఏమైపోతాడో నాకు తెలుసు. అమ్మ పోయాక ఆయన పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, చొక్కా తొడుక్కున్నది ఆ లారీ కోసమే. నా కోసం కాదు. అనడానికి బాధగానే ఉంది, కానీ నిజం.

నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు కాబట్టి గీకుడు నా నెత్తిన పడింది.

మాది చర్చి కుటుంబం. క్రిస్మస్‌కు ఇంటికి రంగులు వెయ్యకపోతే పండగ వచ్చినట్టే కాదు. మిగిలిన రంగును అమ్మ పారబొయ్యనిచ్చేది కాదు. "లారీకి ఏసీండి, అదీ మనింటి మనిసే" అనేది. అలా హాలు రంగు తలుపులకీ, కిటికీల రంగు బానెట్‌కీ వెళ్ళేది. ముందు తుప్పు గీకడం, కడగడం మా ఇంటావంటా లేవు. నాన్నేమో ఏళ్ళ తరబడి నౌపడ నుంచి ఉప్పు తోలాడు. ఆ ఉప్పు మీదే రంగు, రంగు మీద రంగు. పండగకు వచ్చినవాళ్ళు "బండి పెళ్ళికూతుర్లాగున్నాది" అంటే నాన్న మీసం దువ్వుకునేవాడు.

వైరు బ్రష్షు పెట్టి ఎడమవైపు తలుపు మీద రుద్దాను. ముందు లేతాకుపచ్చ ఊడింది. దాని కింద గులాబీ, నేను ఇంటర్ చదివేటప్పటి హాలు రంగు. దాని కింద నీలం. అది అమ్మ చెంగు నడుముకు దోపుకుని స్వయంగా వేసినది. ఎప్పుడు లారీ ఎక్కినా ఆ తలుపు పక్కనే కూర్చునేది. నాకు చెయ్యి ఆడలేదు.

"ఏటే, ఆగిపోనావు? ఇనుం తగిలినాదా?" అరుగు మీంచి నాన్న అరిచాడు.

గీకాను. నీలం పెద్ద పెచ్చుగా లేచి వచ్చింది. దాని వెనక ఇనుం లేదు. ఎర్రటి పొడి జలజలా రాలి, కన్నంలోంచి సీటు కనిపించింది.

"నాన్నా, ఇక్కడ కొంచెం పోయింది."

"కొంచివే కదా. ఇంకో పక్క సూడు."

ఇంకో పక్క చూశాను. అక్కడా అంతే. గీకినకొద్దీ బండి బాగుపడాలి గానీ, ఇదేమిటి, గీకినకొద్దీ బండే తగ్గిపోతోంది! ఏడుపొచ్చింది. బ్రష్షు విసిరికొట్టాను. మళ్ళీ నేనే వెళ్ళి తెచ్చుకున్నాను, ఇంకెవరు తెస్తారు?

ఆదివారం ప్రార్థన అయ్యాక మావయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు, బస్టాండు దగ్గర వెల్డింగు షెడ్డు ఆయనది. కొత్త రేకుముక్క తెచ్చి కన్నం మీద అతకబోయాడు. నిప్పు తగలగానే కన్నం ఇంకా పెద్దదయింది. కన్నానికి కాస్త పక్కన అతికి చూశాడు, అక్కడి పాత రేకూ కరిగి జారిపోయింది. తలుపు బిగించే స్తంభాన్ని గోటితో నొక్కితే అది కూడా లోపలికి పోయింది. మావయ్య నల్లద్దాలు తీసేశాడు.

"అతకడానికైనా ఇంత ఇనుం ఉండాల కదే అమ్మీ. ఇన్నాళ్ళూ మీ రంగే నిలబెట్టినాది దీన్ని," అని, అరుగు వైపు తిరిగాడు. "బావా, ఇది అవదు. ఒగ్గీ, తుక్కుకిచ్చీ."

మావయ్య టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసి నాన్న లేచాడు.

"మొన్నటి క్రిస్మస్ రంగు మిగిలినాదేటే?"

"మావయ్య చెప్పింది వినలేదా నాన్నా?"

"ఇన్నాను. రంగు ఉన్నాదా, నేదా?"

ఏం చెయ్యను? డబ్బా తెచ్చి, కలిపి ఇచ్చాను. ఆయన చేతికర్రను టైరుకి ఆనించి, అమ్మ తలుపుకే రంగు వెయ్యడం మొదలుపెట్టాడు. కన్నం దగ్గరకు వచ్చేసరికి బ్రష్షు లోపలికి దిగిపోయింది. తీసి మళ్ళీ అక్కడే వేశాడు. మళ్ళీ దిగిపోయింది. చూడలేక నేను అటునుంచి క్యాబిన్ ఎక్కి, ఆ కన్నానికి లోపలివైపు నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

ఈసారి బ్రష్షు ఆగింది. చల్లటి రంగు నా అరచేతికి అంటుకుంది.

"ఆఁ, ఇప్పుడు పడతన్నాది," బయటినుంచి నాన్న గొంతు వినిపించింది. "సెయ్యి తియ్యకే అమ్మీ."