రేడియోకు సైకిల్ ట్యూబు వైద్యం

ఇవాళ మా కొత్తకోట రేడియో దుకాణంలో గెలిచాను! కొల్లాపూర్ నుంచి వచ్చిన రేడియో కిందపడి, స్టేషన్ల పేర్లున్న అద్దం, ముల్లును నడిపే చక్రం పగిలాయి. నేను బిగించిన కొత్త చక్రం పెద్దది, ముల్లు ఎక్కువ దూరం జరుగుతుంది. అది ఆలోచించకుండా పాత గుర్తులే కొత్త అద్దం మీదికి దించాను. హైదరాబాద్ దగ్గర పెడితే విజయవాడ పలికింది.

గొర్లు కాసే నన్ను పనిలో పెట్టుకున్న దుకాణం సేటు మండిపడ్డాడు. "ఇయ్యాల సక్కగ చెయ్యకుంటివో, రేపటి సంది గొర్ల కాడికే పో!"

పగలు వినబడేవి ఆ రెండు స్టేషన్లే. తప్పు గుర్తులు తుడిచేసి, అవి పలికేచోట ముల్లు నిలిచిన చోటల్లా అద్దం మీద చుక్కలు పెట్టాను. పాత గుర్తులన్నీ సైకిల్ ట్యూబు పట్టీ మీద గీసి, ఆ రెండు గీతలూ చుక్కలకు అందేదాకా సాగదీశాను. మిగతావీ పట్టీతో పాటే జరిగాయి. అన్నీ అద్దం మీద దించాను.

"రబ్బరు గుంజితే మద్రాసు పలుకుతదారా?" అని సేటు నవ్వాడు.

"జర పొద్దుగూకనియ్యుండ్రి, సేటూ."

దూరపు స్టేషన్లు వినబడే వేళకు సేటే ముల్లును మద్రాసు గీత మీద పెట్టాడు. గలగలా అరవం! నమ్మక బొంబాయి పెట్టాడు. అదీ పలికింది.

"రేపు జల్ది రా. నీ చేతికి ఇంకో రేడియో ఇస్త" అన్నాడు.

తెల్లారేదాకా నిద్ర ఎలా పడుతుందో మీరే చెప్పండి!