క్రేను కాళ్ల కింద నేల

ఆ చమురు క్షేత్రంలో ఆమెను అందరూ క్రేనక్క అనేవారు. అసలు పేరుతో పిలిచేది ఇంట్లో అత్తగారు ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడు.

భర్త దర్జీ. మార్కెట్ వెనకవీధిలో కింద కుట్టుమిషను, పైన రెండు గదుల కాపురం. పెళ్లికి ముందు నుంచీ ఆమె రేవులో క్రేను నడిపేది. ఎవరైనా అడిగితే అత్తగారు "మా కోడలు బరువులెత్తుతుంది" అనేది. కొత్తగా దిగిన పక్కింటావిడ అది నిజమే అనుకుని, తమ బీరువాను మేడ మీదికి చేర్చిపెట్టమని కబురుపెట్టింది. చాలాకాలం ఇంట్లో అదే నవ్వులాట.

రేవులో పని తగ్గింది. సముద్రానికి ఎంతో దూరాన, మనిషి మసలని మైదానంలో చమురు పడిందనీ, క్రేను నడిపేవాళ్లు కావాలనీ తెలిసింది. అత్తగారు ససేమిరా అంది. భర్త మెడలో టేపు తియ్యకుండానే, "చేతిలో పని పెట్టుకుని ఇంట్లో ఎందుకు కూర్చుంటావు? వెళ్లు. ఇల్లు నేనూ అమ్మా చూసుకుంటాం" అన్నాడు.

చమురు పడటం ఒక ఎత్తు, దాన్ని అక్కణ్నుంచి బయటికి పంపడం ఇంకో ఎత్తు. ఆ మైదానానికి రోడ్డు లేదు, కరెంటు లేదు, తాగే నీళ్లు ట్యాంకరులో రావాలి. బావి తవ్విన రిగ్గు పని ముగించుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత జనరేటర్లు, పంపులు, నిల్వ ట్యాంకులు, పైపులు, చివరికి పడుకునే రేకుల గదులు కూడా లారీల మీదే వచ్చాయి. అన్నిటినీ దించి వాటి వాటి చోట కూర్చోబెట్టింది క్రేనక్కే.

ఆఖరున సెపరేటర్ వచ్చింది. బావిలోంచి కలిసి వచ్చే చమురునూ గ్యాస్‌నూ నీటినీ విడదీసే పెద్ద ఇనుప పీపా అది. దాన్ని సిమెంటు దిమ్మె మీద బిగిస్తేగాని చమురు పైపులోకి కదలదు. అంతకుముందే వానలు కురిశాయి. తర్వాత కాసిన ఎండకు నేల పైన పెచ్చుకట్టింది. క్రేను నిలబడాల్సిన చోట క్రేనక్క మడమతో గట్టిగా తొక్కిచూసి ఫరవాలేదంది. అక్కడి పనులు చూసే ఇంజనీరు మాత్రం ఒప్పుకోలేదు. ఇనుప కడ్డీ తెప్పించి గుచ్చితే, పిండిముద్దలో వేలు దిగినట్టు దిగిపోయింది.

"మీరన్నదే నిజం సార్. నా కాలు మోసపోయింది" అందామె.

ఇంతలో సెపరేటర్ మోసుకొచ్చిన ట్రైలరు చక్రాలు ఒకవైపు కుంగసాగాయి. వదిలేస్తే బండీ సరుకూ బోర్లాపడతాయి. కంకర తెప్పించేంత వ్యవధి లేదు. అందరూ తలో మాటా అంటున్నారు. ఆమె మాత్రం పాత రిగ్గు స్థలంలో మిగిలిన లావుపాటి దుంగల కేసి చూస్తూ నిలబడింది.

"అంత బరువు రిగ్గును ఆ దుంగలే కదా మోశాయి. రిగ్గువాళ్లు వదిలేసినవి ఇంకా అక్కడే పడున్నాయి. క్రేను కాళ్ల కింద అవే పరిస్తే?"

ఇంజనీరు లెక్కవేశాడు. ఒక వరస అడ్డంగా, దాని మీద ఇంకో వరస నిలువుగా పరవాలన్నాడు. ఉన్న లారీలన్నీ కదిలాయి. దుంగలు పరిచి, క్రేను ఒరగకుండా పక్కలకు చాపే ఇనుప కాళ్లు వాటి మీద ఆన్చాక ఆమె క్యాబిన్ ఎక్కింది.

"ఒక్కరే సైగ చెయ్యండి. మిగతావాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకోండి" అంది.

సెపరేటర్‌ను ట్రైలరు మీంచి జానెడు లేపి ఆపింది. దుంగలు కిర్రుమన్నాయి. ఇంజనీరు వంగి నాలుగు కాళ్లూ చూసి తల ఊపాడు. అప్పుడు మెల్లగా తిప్పి, దిమ్మె మీదికి దించింది. బోల్టులు వాటి రంధ్రాల్లో కూర్చున్నాయి. కింద ఎవరో ఈల వేశారు.

చమురు పైపులోకి వెళ్లిన రోజున, సిగ్నల్ కోసం నిల్వ ట్యాంకు నిచ్చెన ఎక్కి ఇంటికి ఫోన్ చేసింది. అత్తగారు భర్త చేతిలోంచి ఫోన్ లాక్కుని, "అంతెత్తున నిలబడి మాట్లాడకు, ముందు దిగు" అని కోప్పడింది.

తర్వాత అక్కడికి రోడ్డు పడింది, కుటుంబాలకు ఇళ్లు కట్టారు. భర్త కుట్టుమిషను లారీకెక్కించి తల్లితో సహా వచ్చేశాడు. ఇప్పుడు ఆ క్షేత్రంలో వాళ్లందరి పని బట్టలూ అతనే కుడతాడు. లారీ మీంచి ఆ మిషనును దించడానికి ఆమె క్రేను తేలేదు. మొగుడూ పెళ్లామూ చెరోపక్క పట్టుకుని లోపలికి మోసుకెళ్లారు.